ఇద్దరు పిల్లలు, ఒకే చదువు, రెండు దారులు: వినాయక వ్రతకథ నాకు నేర్పిన పాఠం



నిన్నటి వీడియోలో వినాయక వ్రతకథలోని విఘ్నాధిపత్యం ఘట్టం చెప్పుకున్నాం కదండీ. టైమ్ సరిపోక ఒక మాట అక్కడ చెప్పలేదు. నిజానికి టైమ్ ఒక్కటే కాదు, కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీరు పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నా, బడికి పంపి సాయంత్రం హోంవర్క్ చేయిస్తున్నా, ఇద్దరు పిల్లలున్న తల్లికి ఇది పనికొస్తుందనే నా ఆశ.

మా బాబుకి 11 ఏళ్ళు, పాపకి 8. రెండేళ్ళ నుంచి ఇద్దరికీ ఇంట్లో నేనే చెప్తున్నాను. బాబుకి కథ ఒక్కసారి చెబితే చాలు, మొత్తం గుర్తుంటుంది. చదవమంటే మాత్రం అక్షరం వాడికి కుదురుగా నిలబడదు. 'ప' దగ్గర 'వ' అంటాడు, 'మ' దగ్గర 'య' అంటాడు, ఒత్తు వచ్చిందంటే ఆగిపోతాడు. పాపేమో నాలుగేళ్ళకే బస్సు బోర్డులు గడగడా చదివేసింది. బడిలో బాబుని "శ్రద్ధ లేదు" అన్నారు. బడి మాన్పించాను గానీ, ఆ మాటని నేనూ ఇంటికి మోసుకొచ్చాను. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే టైమ్‌టేబుల్ వేసి, ఒకే కథ చదివించేదాన్ని. వాడు తడబడితే, "చెల్లిని చూసి నేర్చుకోరా" అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

కిందటేడు వినాయక చవితి. పాలవెల్లి కట్టాం, పత్రి సర్దాం. పిల్లల పుస్తకాలకి పసుపు, కుంకుమ పెట్టి స్వామి దగ్గర పెడతాం కదా. చూస్తే పాపవి మూడు పుస్తకాలున్నాయి, బాబువి ఒక్కటీ లేదు. "నీ పుస్తకం ఏదిరా?" అన్నాను. "చెల్లివి పెట్టావుగా అమ్మా, చాల్లే" అన్నాడు. కోపంగా అనలేదు. చాలా మామూలుగా అన్నాడు. నాకు గుచ్చుకుంది అదే. దేవుడి పీట దగ్గర కూడా తన పుస్తకానికి చోటు లేదనుకున్నాడు నా బిడ్డ.

ఆ మనసుతోనే కథ చదవడానికి కూర్చున్నాను. చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. విఘ్నాలకి అధిపతి ఎవరని ప్రశ్న వచ్చింది. పెద్దవాణ్ణి కాబట్టి నాకే అన్నాడు గజాననుడు. అన్న మరుగుజ్జు, అసమర్థుడు, నాకివ్వండి అన్నాడు కుమారస్వామి. ముల్లోకాల్లోని పుణ్యనదులన్నిటిలో స్నానం చేసి ఎవరు ముందొస్తే వాళ్ళకే అన్నాడు పరమేశ్వరుడు. కుమారస్వామి నెమలినెక్కి వెళ్ళిపోయాడు. గజాననుడు మాత్రం తండ్రికి నమస్కరించి, నా అశక్తత మీకు తెలుసు, తగిన ఉపాయం మీరే చెప్పండి అని వేడుకున్నాడు. శివుడు నారాయణ మంత్రం ఉపదేశించాడు. గజాననుడు అది జపిస్తూ తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేశాడు. కుమారస్వామి ఏ నదికి వెళ్ళినా, అన్న అప్పటికే స్నానం చేసి ఎదురొస్తూ కనిపించాడు.

ఏటా భక్తి గెలిచిందని చెప్పుకుని అక్షతలు వేసుకుంటాం. ఆ రోజు నాకు తండ్రి కనిపించాడు. ఆయన ఏం చేయలేదో చూడండి. పెద్దవాడి కోసం పరీక్ష తీసేయలేదు. చిన్నవాడి నెమలిని ఆపలేదు. "తమ్ముణ్ణి చూసి నేర్చుకో" అని ఒక్క మాటా అనలేదు. గమ్యం ఇద్దరికీ ఒకటే ఉంచి, దారి మాత్రం ఎవరిది వాళ్ళకి ఇచ్చాడు.

ఇంకొకటి కూడా ఉందండీ. "నా వల్ల కావట్లేదు నాన్నా" అని ఆ బిడ్డ నోరు తెరిచి అడగగలిగాడు. అడిగితే తిడతారనే భయం ఆయనకి లేదు. మా బాబు నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగే చనువు నేను ఉంచలేదు.

ఆ మర్నాడే పాత టైమ్‌టేబుల్ చింపేశాను. ఇప్పుడు మా ఇంట్లో ఎలా జరుగుతోందో చెప్తాను.

పొద్దున దీపం పెట్టాక ఇద్దరూ కలిసే కూర్చుంటారు. ఒక పద్యం, ఒక కథ, లేదా సైన్సు పాఠం నేను పైకి చదువుతాను. ఇద్దరూ వింటారు, ఇద్దరినీ ప్రశ్నలడుగుతాను. వాడు నోటితో చెప్తాడు, బొమ్మ గీస్తాడు. అది రాస్తుంది. ఆలోచనలో వాడు దానికి ఏమాత్రం తీసిపోడని నాకు తెలిసింది అక్కడే. చదవడం రానంత మాత్రాన పాఠం కూడా చిన్నపిల్లల స్థాయిది ఇవ్వకూడదండీ.

చదవడం, లెక్కలు మాత్రం విడివిడిగా. బాబుకి 15 నిమిషాలు, మధ్యలో విరామం, మళ్ళీ 15. ఒకేలా కనిపించే రెండు అక్షరాలు ఒకే రోజు నేర్పను. ఒకటి బాగా కుదిరాకే రెండోది. పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దుతూ, పైకి పలకమంటాను. బాసరలో అక్షరాభ్యాసం చేయించినప్పుడు మనం చేసింది ఇదే కదా! కన్ను, వేలు, నోరు, చెవి కలిసి నేర్చుకోవడం అది. ఆ ఒక్కరోజుతో ఆపేశాం, అంతే. ఎక్కాలకి చింతపిక్కలు వాడుతున్నాం.

నేను ఒకరి దగ్గర కూర్చున్నప్పుడు, రెండోవాళ్ళకి నా సాయం అక్కర్లేని పని ముందే సిద్ధం చేసి పెడతాను. అన్నయ్య అడగకుండా జవాబు అందించకూడదని పాపకి చెప్పాను. వాడికి టీచరుగా దాన్ని ఎప్పుడూ పెట్టను. ఎవరి నోటుబుక్కు వాళ్ళది. పోల్చాలంటే, వాడి కిందటి నెల పేజీతోనే ఈ నెల పేజీ పోలుస్తాను.

ఇక్కడ ఇంకో తప్పు చేశాను. ఒకరోజు పాప, "నాకన్నీ వచ్చని నా దగ్గర కూర్చోవా అమ్మా?" అంది. నిజమే! శివుడు కుమారస్వామిని వదిలేయలేదు, ఆయన దేవసేనాపతి అయ్యాడు. వేగంగా వెళ్ళే బిడ్డకీ తల్లి కావాలి. అప్పటి నుంచి రోజూ ఒక అరగంట దానిది.

"ఒకే చదువు వేర్వేరుగా చెబితే తగ్గించినట్టు కాదా?" అని ఒక బంధువు అడిగారు. సంస్కృత వ్యాకరణం చదివినవాళ్ళకి వరదరాజు తెలుసు. గురువు భట్టోజి దీక్షితులు సిద్ధాంత కౌముది రాస్తే, శిష్యుడు దాన్నే కుదించి మధ్య కౌముది, లఘు కౌముది, సార కౌముది చేశాడు. వ్యాకరణం అదే పాణినిది, మెట్లు మాత్రం చిన్నవి. ఈనాటికీ ఎంతోమంది మొదట పట్టుకునేది లఘు కౌముదినే. దాన్ని ఎవరూ తక్కువ చదువు అనరు.

చివరిగా రెండు మాటలు. పూజ చేస్తే సరిపోతుందని పరీక్ష చేయించకుండా ఉండకండి. నేను అలాగే ఆలస్యం చేశాను. నిపుణులు చూసి డిస్లెక్సియా అన్నారు. అది బద్ధకం కాదు, తెలివితక్కువతనమూ కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది. బడి లేకపోతే సర్టిఫికెట్ ఎలా అనే బెంగ ఉంటే, జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్‌ఐఓఎస్ ఉంది. 14 ఏళ్ళు నిండాక అక్కడ పదో తరగతి కట్టవచ్చు. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయక్కర్లేదు. ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలుంటాయి.

ఈ చవితికి పీట దగ్గర రెండు వరసల పుస్తకాలున్నాయి. బాబు తన నోటుబుక్కు తనే తెచ్చి పెట్టాడు, తప్పు ఒత్తులతో సహా. కథలో ఒక పేరా నేను చదువుతానన్నాడు. వేలు కింద పెట్టుకుని, ఆగి ఆగి చదివాడు. చాలాసేపు పట్టింది. పాప నోరు మెదపలేదు. ఉండ్రాళ్ళు చల్లారిపోయాయి. స్వామి ఎక్కడికీ పోలేదు, మేమూ కదలలేదు.

మీ ఇంట్లో నెమలి ఎక్కే బిడ్డ ఉండొచ్చు, ప్రదక్షిణ చేసే బిడ్డ ఉండొచ్చు. ఇద్దరూ ఆ ఇంటి బిడ్డలే. ఈ రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా నడిచే బిడ్డని దగ్గర కూర్చోబెట్టుకుని, "నీకెక్కడ కష్టంగా ఉంది నాన్నా?" అని ఒక్కసారి అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

ఆ విఘ్నేశ్వరుడు మన పిల్లలందరినీ చల్లగా చూడాలని కోరుకుంటూ, సెలవు. శుభం.