పోయిన శ్రోతను గురించి ఎంత రాయాలి?



ఒక మనిషి చనిపోయాక ఆయన జ్ఞాపకం ఎవరి సొత్తు? కుటుంబానిదా? స్నేహితులదా? లేక ఎవరికి తోచినట్టు వారు రాసుకోవచ్చా? ఇది గొప్పవాళ్ల జీవితచరిత్రలకే చెందిన ప్రశ్న అనుకోకండి. ఒక చిన్న ఊరిలోని రేడియో శ్రోతల సంఘానికి కూడా ఇది ఎదురవుతుంది.

రేడియోను ప్రాణంగా చూసుకున్న తరం మన మధ్య నుండి వెళ్ళిపోతున్నది. 1952లో రేడియో సిలోనులో మొదలైన బినాకా గీత్‌మాలాను, 1957లో మొదలైన వివిధ భారతిని నిలబెట్టింది వాళ్లే. పాటల కోసం కార్డుల మీద కార్డులు రాసి, నేటి జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే ఊరి పేరును దేశమంతటికీ వినిపించిందీ అలాంటి శ్రోతలే. ఫిలిప్పీన్స్ నుండి పలికిన రేడియో వెరితాస్ ఆసియా తెలుగు ప్రసారాలను మన విచారణల్లో ఎందరో విన్నారు, ఉత్తరాలు రాశారు. ఆ కేంద్రం 2018లో షార్ట్ వేవ్ ప్రసారాలను ఆపివేసి ఇంటర్నెట్టుకు మారింది. ఇక మిగిలినవి పాత ఉత్తరాలు, ఫోటోలు, శ్రోతలకు కేంద్రాలు పంపిన ధ్రువీకరణ కార్డులు.

అవి చెదలు పట్టకముందే, గతించిన సభ్యుల వివరాలతో ఒక స్మారక సంచిక వేయాలని ఏ సంఘమైనా అనుకుంటే అది మంచి పనే. ఏ పదవీ లేని మనిషికి లోకం శిలాఫలకం వేయదు. ఆయన పేరు రాయవలసింది ఆయన తోటివారే. అలా రాయకపోవడం కూడా ఒక విధమైన అన్యాయమే.

అయితే ఏమి రాయాలి? చిక్కు ఇక్కడే వస్తుంది.

ఒక ఉత్తరంలో పాట కోరిక ఉంటుంది. మరొకదానిలో తాగుడు మానలేని బాధ ఉంటుంది, కోడలితో పోరు ఉంటుంది, బయటకు చెప్పుకోలేని జబ్బు ఉంటుంది. ఇంకొకరు కలం పేరుతో రాసి ఉంటారు. ఇంట్లోవాళ్లకు తెలియకూడదనే ఆ పేరు పెట్టుకొని ఉండవచ్చు. మనిషి పోయాడు గనుక ఇవన్నీ మనవైపోయాయా?

చట్టాన్ని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. కాని ఆ హక్కు మనిషితోనే ముగుస్తుందనీ, వారసులకు సంక్రమించదనీ జయలలిత జీవితం మీద తీసిన సినిమా కేసులో మద్రాసు హైకోర్టు 2021లో అన్నది. మరోవైపు, కుటుంబీకుల మనసు గాయపరచే ఉద్దేశంతో మృతుని పరువు తీస్తే అది నేరం కావచ్చునని భారతీయ న్యాయ సంహిత చెబుతున్నది. చట్టం ఇంతవరకే వస్తుంది. తప్పించుకోగలమా అన్నది ఒక ప్రశ్న. తగునా అన్నది వేరే ప్రశ్న.

ఎనిమిదవ ఆజ్ఞ అనగానే మనకు అబద్ధమే గుర్తుకొస్తుంది. కాని 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం మరో తప్పును కూడా చెబుతున్నది. ఒకరి లోపాలను, అవి నిజమే అయినా, తగిన కారణం లేకుండా తెలియనివారికి తెలియజేయడం కూడా పాపమే. ఇది బ్రతికున్నవారి విషయంలోనే అని అక్కడ లేదు. బ్రతికున్నవాడు కనీసం బదులు చెప్పుకోగలడు. చనిపోయినవాడికి ఆ అవకాశమూ లేదు.

కాబట్టి ఒక గీత గీసుకోవచ్చు. ఆ మనిషి తానుగా పదిమంది ముందు ఉంచినది రాయవచ్చు. ఎవరో ఒకరిని నమ్మి చెప్పుకున్నది రాయకూడదు. రేడియోలో చదివించుకున్న పేరు, ఊరు, కోరిన పాటలు, సంఘానికి చేసిన సేవ, ఇవి మొదటి రకం. జబ్బు, అప్పు, ఇంటి గొడవ, మరణానికి కారణం, ఇవి రెండవ రకం. కలం పేరుతోనే మనకు తెలిసినవారిని ఆ పేరుతోనే తలచుకుందాం.

ఇంటివారిని అడిగితే చాలదా అంటారేమో. అడగాలి, తప్పక అడగాలి. వద్దన్న ఫోటో వేయకూడదు. కాని ఇంటివారి అనుమతి ఉంది గదా అని ఆయన దాచుకున్నది బయటపెట్టే హక్కు మనకు రాదు. అలాగే వారు కోరారని లేని గొప్పలు కల్పించనూ కూడదు.

మరొక మాట మనకు మనమే చెప్పుకోవాలి. వెరితాస్ శ్రోతలందరూ క్రైస్తవులు కారు. జ్ఞానస్నానం అడగకుండానే, తన మతంలోనే ఉండి, ఏళ్ల తరబడి ఆ ప్రసారాలు ప్రేమతో విన్న హిందువు ఉండవచ్చు, ముస్లిం ఉండవచ్చు. పోయిన తర్వాత అలాంటివారిని ‘రహస్య విశ్వాసి’ అని రాస్తే అది మనకు గర్వంగా ఉండవచ్చు. ఆయనకు మాత్రం అది ద్రోహం. ఊళ్లో ఆయన బిడ్డలకు చిక్కు కూడా. ‘మంచి శ్రోత, మన మిత్రుడు’ అంటే చాలు. అది నిజం, అందులో లోటేమీ లేదు.

పూజలో మృతుల కోసం ప్రార్థించేటప్పుడు గురువు పేరు మాత్రమే చెబుతారు. వారి కథ చదవరు. అయినా తమవారిని మరచిపోయారని ఏ కుటుంబమూ బాధపడదు.

మీ సంఘంలో పెద్దవాళ్లు ఇంకా ఉన్నారా? అయితే ఈ నెలలోనే ఒక పని చేయండి. ఏ పేరుతో గుర్తుంచుకోమంటారు, ఏ ఫోటో వేయమంటారు, మీ ఉత్తరాలు ఉంచమంటారా, ఇంటికి ఇమ్మంటారా, కాల్చివేయమంటారా అని అడిగి, వారి మాటల్లోనే రాయించి, సంతకం తీసుకోండి. వారు పోయిన తర్వాత మనం ఊహించుకోవడం కంటే ఉన్నప్పుడే అడగడం మర్యాద.