అది పిచ్చిమాటేనా?

కొన్ని ఊళ్ల పేర్లు ఎలాగో తిట్లుగా మారిపోతాయి. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే చాలు, "వీణ్ణి చినవాల్తేరు పంపించాలర్రా" అంటారు. హైదరాబాదు వాళ్లకి ఎర్రగడ్డ. మద్రాసులో పెరిగిన తెలుగువాళ్లకి కీల్పాక్. మూడుచోట్లా ఉన్నవి మానసిక ఆస్పత్రులు. ఆ మాట పిల్లలంటారు, పెద్దలంటారు, సినిమాల్లో హాస్యనటులంటారు. అందరం నవ్వేస్తాం. గుండెజబ్బుల వార్డు పేరు చెప్పి మాత్రం ఎవరూ నవ్వరు.

ఆ నవ్వు మహాపాపమని చెప్పబోవటం లేదు. కాని అది చేసే పని ఒకటుంది. ఆ గేటు లోపలికి వెళ్లి వచ్చిన మనిషి మాటకి ఆ రోజునుంచీ విలువ ఉండదు. మామూలు ఆస్పత్రిలో ఉన్న మనిషి "నర్సు కసిరింది, అన్నంలో పురుగొచ్చింది" అంటే ఇంటిల్లిపాదీ లేచి డాక్టరుగారి గదికి వెళ్తారు. అదే మాట మానసిక ఆస్పత్రిలో ఉన్నావిడ అంటే "పాపం, ఇంకా తగ్గినట్టు లేదు" అనుకుంటాం. ఒకే ఫిర్యాదు ఒకచోట ఫిర్యాదు, ఇంకోచోట రోగలక్షణం.

మా బంధువుల్లో ఒకావిడ కొన్నాళ్లు అలాంటి చోట ఉండి ఇంటికొచ్చింది. పేరూ ఊరూ చెప్పను. మందులు బాగానే పనిచేశాయి. వంట చేస్తోంది, మనవడిచేత అఆలు దిద్దిస్తోంది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఆడవాళ్లంతా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంటే ఉన్నట్టుండి అందట: "అక్కడ రాత్రిళ్లు దాహమని లేస్తే చెంపమీద కొట్టేవారు. ఒకసారి మంచానికి కట్టేసి తెల్లారేదాకా విప్పలేదు." వాళ్లక్కగారు వెంటనే, "ఊరుకోవే, మళ్లీ మొదలెట్టకు" అందట. ఎవరు కొట్టారనిగాని, ఎందుకు కట్టారనిగాని ఒక్కరూ అడగలేదు. ఆవిడ మళ్లీ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. పెరట్లో గిన్నెలు తోముతున్న పనిమనిషి మాత్రం తలెత్తి, "పిచ్చిదైతే మాత్రం ఏటమ్మా, దెబ్బ తగిలితే నొప్పెట్టదేటి?" అందట. ఈ సంగతి ఆ ఇంటికోడలు చెబితే నాకు తెలిసింది.

చదువుకున్నవాళ్లకి తట్టని ప్రశ్న ఆవిడకి తట్టింది. నొప్పికీ తెలివికీ సంబంధం ఏముంది? చంటిపిల్ల ఏడిస్తే నమ్ముతాం. చీమ కుట్టిందేమోనని పక్క దులుపుతాం. ఆవు అరిస్తే నమ్ముతాం. కుడితి పెట్టలేదేమోనని చూస్తాం. మాటలే రాని ఆ రెండు ప్రాణాలనీ నమ్మేవాళ్లం, మాటలొచ్చిన మనిషి నోరు విప్పి "నన్ను కొట్టారు" అంటే మాత్రం నమ్మం. నమ్మని మనిషిని హింసించటం ఎంత సుళువో ఆలోచించండి. జైల్లో ఉన్నవాడికి ప్లీడరుంటాడు. బళ్లో దెబ్బ తిన్న పిల్లాడికి తల్లి ఉంటుంది. ఈవిడకి ఎవరున్నారు? సంతకం పెట్టి చేర్పించింది ఆ అమ్మే కదా.

అలాగని అక్కడ పనిచేసేవాళ్లంతా రాక్షసులా? కానేకాదు. రాత్రి డ్యూటీలో ఒక్క ఆయా ఉందనుకోండి. వార్డునిండా మనుషులు. ఒకామె ఏడుస్తుంది, ఒకామె పరుగెడుతుంది, ఒకామె గోడకి తల బాదుకుంటుంది. ఆ ఆయా చేతిలో ఉన్నవల్లా ఒక తాళంచెవీ, ఒక గుడ్డపేలికా. మొదటిరోజు భయంతో కడుతుంది. పదోరోజు అలవాటుతో కడుతుంది. వందో రోజున నిద్ర కోసం కడుతుంది. ఏ రోజున ఆ కట్టు వైద్యం కాకుండా పోయిందో ఆవిడకే తెలియదు. ఇంట్లో మతిమరుపు ముదిరిన ముసలివాళ్లకి చాకిరీ చేసే కోడళ్లని అడగండి, ఈ మూడు రోజుల తేడా ఎంత మెత్తగా జారిపోతుందో చెబుతారు. "నీ మంచికే" అన్న మాట మొదటిరోజు ఎంత నిజమో వందో రోజున అంత అబద్ధం. మాట మాత్రం అదే.

ఈ "మంచికే" అన్న మాటకి చరిత్ర ఉంది. విశాఖపట్నం ఆస్పత్రి పుట్టింది 1871లో, తెల్లదొరల ఏలుబడిలో. అప్పుడు దాని పేరు లునాటిక్ అసైలం. 1858 నాటి చట్టం ప్రకారం నడిచిన ఆ రోజుల్లో ముఖ్యమైన దిగులు రోగి గురించి కాదు. బయటి జనానికి ఇబ్బంది కలగకూడదని. 1912లో ఇంకో చట్టం, 1987లో మరొకటి వచ్చాయి. పేర్లు కూడా అసైలం పోయి మెంటల్ హాస్పిటల్, అదీ పోయి మానసిక చికిత్సాలయం అయ్యాయి. పేరు మారినంత తొందరగా గోడలు మారవు. 1999లో జాతీయ మానవహక్కుల కమిషన్ దేశంలోని మానసిక ఆస్పత్రులను పరిశీలింపజేస్తే, చాలావాటి కట్టడం ఇంకా జైలు తీరుగానే ఉందని తేలింది.

ఆ తర్వాత రెండేళ్లకే, 2001 ఆగస్టు 6న, తమిళనాడులోని ఏర్వాడిలో నిప్పంటుకుంది. అది ఆస్పత్రి కూడా కాదు, దర్గా దగ్గర నయమవుతుందన్న నమ్మకంతో వచ్చినవాళ్లను ఉంచే పాక. గొలుసులతో కట్టి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. వాళ్లను అక్కడ దించి వెళ్లింది శత్రువులు కారు. అన్నదమ్ములు, తల్లిదండ్రులు, భర్తలు. మొక్కుకుని, కళ్లనీళ్లతో దింపి వెళ్లారు. మన ఏజెన్సీ ఊళ్లలో చిల్లంగి పెట్టారని భూతవైద్యుడి ముందు కూచోబెట్టి వేపమండలతో కొట్టించేదీ ప్రేమించేవాళ్లే. ప్రేమ ఉన్నంత మాత్రాన హింస రాదని ఎవరూ ధీమా పడనక్కరలేదు.

2017లో కొత్త మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది; మరుసటి ఏడు అమల్లోకి వచ్చింది. చట్టాలు చదవటం మనకి విసుగే గాని, ఇది ఆడవాళ్లు ఒకసారి చదవాల్సినది. రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు. ఒంటరి గదిలో పెట్టి తాళం వెయ్యకూడదు. మత్తూ, కండరాలు సడలించే మందూ ఇవ్వకుండా కరెంటు చికిత్స చెయ్యకూడదు. బలవంతంగా గుండు గీయకూడదు. తన బట్టలు తాను కట్టుకుంటానంటే కట్టుకోనివ్వాలి. పని చేయించుకుంటే కూలి ఇవ్వాలి. బహిష్టు రోజుల్లో కావలసినవి అందివ్వాలి.

ఆ వరసలో ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి చూడండి. జరగని పనిని ఎవరూ చట్టం చేసి నిషేధించరు. గుండు గీయకూడదని పార్లమెంటు రాయవలసివచ్చిందంటే, పేల బాధ తప్పుతుందని ఎంతమంది ఆడవాళ్ల జడలు కత్తిరించారో! శిరోముండనం అంటే ఏమిటో తెలుగు ఆడదానికి ఎవరూ చెప్పనక్కరలేదు. మన ముత్తవ్వల కాలంలో విధవలకి చేసిన ఆ పనే పేరు మార్చుకుని వార్డుల్లోకి వచ్చింది. అప్పుడూ "మంచికే" అన్నారు.

రోగిని పట్టి ఆపటం గురించి చట్టం చెప్పినది నాకు మరీ నచ్చింది. తనకిగాని ఇతరులకిగాని అప్పటికప్పుడు ప్రమాదం ఉండి, వేరే దారి లేనప్పుడే ఆపాలి. మానసిక వైద్యుడి అనుమతి ఉండాలి. ఎందుకు ఆపారో, ఎంతసేపు ఆపారో కాగితంమీద రాయాలి. ఆ మనిషి తరఫు ప్రతినిధికి 24 గంటల్లోగా చెప్పాలి. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువని కూడా కట్టకూడదు. పైన చెప్పిన ఆయా కష్టం చట్టానికీ తెలుసన్నమాట. ఆ కష్టం తీర్చవలసింది ఇంకో ఆయాని వేసి, రోగి చేతులు కట్టి కాదని తేల్చేసింది.

మరి కాగితంమీద ఇంత బాగుంటే చాలదా? చాలదు. చూసే కళ్లు కావాలి. 1887లో అమెరికాలో నెల్లీ బ్లై అనే యువ విలేకరి పిచ్చిదానిలా నటించి న్యూయార్కులోని ఆడవాళ్ల పిచ్చాసుపత్రిలో చేరింది. పదిరోజులుంది. లోపలికి వెళ్లాక మామూలుగానే మాట్లాడింది. ఎంత సవ్యంగా మాట్లాడితే అంత పిచ్చిదనుకున్నారని తర్వాత రాసింది. చన్నీళ్ల స్నానాలు, పాడైన తిండి, దెబ్బలు అన్నీ పత్రికకెక్కాయి. విచారణ జరిగింది, ఆస్పత్రులకి డబ్బు పెంచారు. అక్కడి రోగులు అంతకుముందు ఈ మాటలు చెప్పలేదా? చెప్పే ఉంటారు. చెప్పినవాళ్లు పిచ్చివాళ్లు, అంతే తేడా.

ఐరోపా దేశాలు 1987లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం ఒక సంఘంవాళ్లు జైళ్లకీ, పోలీసు స్టేషన్లకీ, మానసిక ఆస్పత్రులకీ వెళ్లి, ఏ తలుపైనా తీయించి, లోపలివాళ్లతో ఒంటరిగా మాట్లాడవచ్చు. హింస జరిగాక శిక్షించటం కాదు, జరగకుండా చూడటం వాళ్ల పని. 2002లో ఐక్యరాజ్యసమితి కూడా ప్రపంచమంతటికీ అలాంటి ఏర్పాటు చేసింది. మన దేశం హింసకు వ్యతిరేకమైన అసలు ఒడంబడికమీద 1997లో సంతకం పెట్టి, ఖరారు చెయ్యకుండా ఉంచేసింది. కనక ఆ చుట్టాలు మనింటికి రారు. మన చట్టం ప్రకారం ఏర్పడవలసిన సమీక్షా బోర్డులే మనకి దిక్కు.

"అన్నీ బాగానే చెప్పావుగాని, ఆ జబ్బులో లేనిపోనివి ఊహించుకోవటం నిజం కాదా?" అంటారు. నిజమే. కూరలో విషం కలిపారనేవాళ్లుంటారు, గోడలు మాట్లాడుతున్నాయనేవాళ్లుంటారు. నేను అనేది ప్రతి మాటా నమ్మమని కాదు, ప్రతి మాటా విచారించమని. నమ్మటం వేరు, విచారించటం వేరు. పది ఫిర్యాదుల్లో తొమ్మిది ఊహలే అయినా, విచారిస్తే పోయేది కాస్త పొద్దు. విచారించకపోతే ఆ పదో మనిషికి పోయేది ఒళ్లు. పైగా విషం కలిపారని భ్రమపడే మనిషిని నిజంగా ఎవరూ కొట్టరా? భ్రమా, దెబ్బా ఒకే ఒంటిమీద ఉండవచ్చు.

ముద్ర పడితే చదువుకున్నవాళ్లకీ తప్పదు. నర్సీపట్నం ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన డాక్టర్ సుధాకర్‌ను 2020 మేలో విశాఖపట్నం నడివీధిలో పోలీసులు చేతులు వెనక్కి కట్టి తీసుకువెళ్లిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. తర్వాత ఆయన్ని మానసిక ఆస్పత్రిలో చేర్చారు. సంగతి హైకోర్టుకి వెళ్లింది, కోర్టు సి.బి.ఐ. విచారణకి ఆదేశించింది. మరుసటేడు మేలో ఆయన పోయారు. ఎవరిది తప్పో తేల్చటం నా పని కాదు. నాకు తోచేదొక్కటే: ఆయన డాక్టరు, సెల్‌ఫోను కెమెరాలున్నాయి, కోర్టుదాకా వెళ్లే మనుషులున్నారు. పాలకొండ దగ్గరి ఏ పల్లెనుంచో వచ్చిన, వేలిముద్ర వేసే మనిషికి ఏ కెమెరా ఉంది?

ఆడవాళ్ల సంగతి మరీనూ. మగవాడికి జబ్బు చేస్తే భార్య అన్నం కేరేజీ పట్టుకుని బస్సెక్కుతుంది. భార్యకి జబ్బు చేస్తే కొందరు భర్తలు విడాకుల కాగితం పట్టుకుని ప్లీడరు ఇంటికెళ్తారు. జబ్బు పేరు చెప్పినంత మాత్రాన విడాకులు రావని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది, చెప్పవలసి వచ్చింది. నయమైనా తీసుకుపోయేవాళ్లు లేక వార్డుల్లోనే ముసలివాళ్లైపోయినవాళ్లున్నారు. ఇంటివాళ్లు రానివ్వటం లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచెయ్యకూడదని 2017 చట్టం చెబుతోంది. ఇల్లు ఇమ్మని చట్టం అనగలదు, చాప వెయ్యమని అనలేదు.

ఎవరూ రాని మనిషిమీదే చెయ్యి ముందు లేస్తుందని నా నమ్మకం. కనక మనవాళ్లెవరైనా అలాంటిచోట ఉంటే వెళ్లటం మానకండి. చుట్టాలకి తెలుస్తుందని తప్పుడు చిరునామా ఇవ్వకండి. వెళ్లినప్పుడు వరండాలో అందరి ముందూ నిలబడి "బాగున్నావా?" అంటే "బాగున్నా" అనే అంటుంది. కాస్త ఎడంగా కూచుని, నిన్న ఏం తిన్నావు, పక్కమంచం ఎవరిది, రాత్రి నీళ్లెవరిచ్చారు అని అడగండి. తల దువ్వండి, దువ్వుతూ ఉంటే మణికట్టూ, వీపూ కంటపడతాయి. ఏదైనా కనిపిస్తే అరవకుండా, పెద్ద డాక్టరుగారికి కాగితంమీద రాసివ్వండి. పలక్కపోతే బోర్డుకి రాయవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. జబ్బు మొదట్లోనే సలహాకి 14416 అనే ప్రభుత్వ ఫోను నంబరుంది. అంత దూరం పోకముందే మాట్లాడవచ్చు.

ఇంటికి వచ్చాక ఇంకో పని ఉంది. ఆ మనిషి అక్కడి సంగతి ఏదైనా చెప్పబోతే "అవన్నీ ఇప్పుడెందుకు" అనకండి. చేతిలో పని పక్కన పెట్టి, "ఎవరు? ఎప్పుడు?" అని రెండు ముక్కలు అడగండి. జవాబు తికమకగా ఉండవచ్చు, తారీఖులు తప్పవచ్చు. అయినా సరే, చివరిదాకా చెప్పనివ్వండి.