ఉపసంహారం

ముప్ఫై ఏళ్లు కంచన్‌బాగ్‌లో నా పని విరిగిన లోహాన్ని చూడటం. ముక్కను కడిగి ఆరబెట్టి భూతద్దం కింద పెడితే, చాలాసార్లు ఒడ్డున అలలు వదిలిపోయిన గీతల్లాంటి వలయాలు కనబడతాయి. వాటిని పట్టుకుని వెనక్కి పోతే పగులు పుట్టిన చోటు దొరుకుతుంది. చిన్న గీరో, మలినపు రవ్వో. అక్కడితో దోషి తేలినట్టే.

నాలుగేళ్ల కిందట నా గుండెకు స్టెంట్ పడింది. స్టెంట్ మా పేటకు పరాయి మాట కాదు. ఇక్కడి రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌ను నడిపిన అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజుతో కలిసి 1990లలో తక్కువ ధర స్టెంట్ చేయించారు. మంచం మీద పడుకుని నేను వెతికింది మళ్లీ దోషినే. "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అంది మా ఆవిడ. నాకు ఆ జవాబు ఆనలేదు. చదవడం మొదలుపెట్టాను.

చెడ్డ కొలెస్ట్రాల్ రక్తనాళం గోడలో చిక్కి పాడవుతుంది. గోడ కబురు పెడుతుంది. రక్తంలో తిరిగే తెల్లకణాలు పరుగున వచ్చి ఆ కొవ్వును మింగుతాయి. మింగి మింగి నురగలా ఉబ్బి అక్కడే చస్తాయి. ఈలోగా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే కబురు వదులుతాయి, అది విని ఇంకొన్ని వస్తాయి. ఏళ్ల తరబడి ఇదే. చివరికి పైపొర పలచబడి చిట్లితే, అక్కడ రక్తం గడ్డకడుతుంది.

ఎంత వెనక్కి పోయినా నాకు దోషి దొరకలేదు. వచ్చినవన్నీ ఇల్లు కాయడానికి వచ్చినవే.

అప్పుడు భారతంలోని సౌప్తిక పర్వం గుర్తొచ్చింది. అశ్వత్థామ, అర్జునుడు ఒకే అస్త్రం వేశారు. వ్యాసుడు, నారదుడు అడ్డు నిలిస్తే అర్జునుడు వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామ వల్ల కాలేదు, దాన్ని ఉత్తర గర్భం మీదికి తిప్పాడు. చిన్నప్పుడు అతని దుర్మార్గమే కనబడేది. కానీ మోసంతో తండ్రిని పోగొట్టుకున్న కొడుకతను. కోపానికి కారణం ఉంది, దాన్ని దించే విద్య లేదు.

క్రోధాన్ని చంపుకోమంటారు ప్రవచనాల్లో. నేను ఒప్పుకోలేను. గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా జనం మీద జరిగిన కాంటోస్ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే మందు ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గకుండానే, ఒక మోతాదులో గుండెపోటు, పక్షవాతం వంటివి 15 శాతం దాకా తగ్గాయి. కానీ ఇన్‌ఫెక్షన్లతో పోయినవాళ్లు పెరిగారు. పిలుపు నోరు నొక్కితే కావలి కూడా పోతుంది మరి.

ఒళ్లు చేసే పని వేరు. రిసాల్విన్లని కొన్ని పదార్థాలు అదే తయారుచేసుకుంటుంది. ఇక చాలు, చచ్చినవాటిని ఎత్తి శుభ్రం చేసి వెళ్లండి అని చెప్పే కబుర్లవి. చిట్లడానికి సిద్ధంగా ఉన్న పూడికల్లో ఇవి తక్కువగా ఉన్నట్టు చూశారు.

మా అన్నయ్యతో నాకు పదకొండేళ్లుగా మాటల్లేవు. నాన్న పొలం గట్టు దగ్గర వచ్చింది తగువు. న్యాయం నా వైపే ఉంది, ఇప్పటికీ అదే అంటాను. ఆ కోపం వల్లే నాళం పూడిందనను, అలాగని ఎవరూ తేల్చలేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. నియమం లేనివాడు ఆ అస్త్రాన్ని వెనక్కి తీయబోతే వాడి తలే తెగుతుందంటుంది భారతం. వేయడం కంటే తీసుకోవడమే కష్టమన్నమాట. అంత నియమం నాకు ఉందా?

పోయిన నెల అన్నయ్య మనవరాలి శుభలేఖ వచ్చింది. నాలుగు మూలలా పసుపు. కవరు మీద రాత ఆయనదే. అరవై ఆరేళ్ల నా పేరు ముందు, చిన్నప్పుడు ఉత్తరాల్లో రాసినట్టే, "చి." అని పెట్టాడు.