మెచ్చుకొనుట చాలునా?



పరుల కథలో మనము మెచ్చుకొన్న ధర్మము, మన గుమ్మము తొక్కినప్పుడు ఏల బరువగుచున్నది?

పురాణ కథలే మిక్కిలిగా తెరకెక్కుచున్న దినములలో, 1939లో వై. వి. రావు గారు 'మళ్ళీ పెళ్ళి' అను చిత్రము తీసిరి. బాల్యముననే వితంతువైన లలితకు తిరిగి వివాహమగుట అందలి కథ. కాంచనమాల గారు లలిత పాత్ర ధరించిరి. మరుసటి యేట బి. ఎన్. రెడ్డి గారి 'సుమంగళి' వచ్చెను. అందు నాగయ్య గారి పాత్ర వీరేశలింగము పంతులు గారిని తలపించునది. ఇట్టి చిత్రములు చూచి కన్నీరు విడుచుట సులభము. చిత్రము ముగియగానే మనము లేచి యింటికి పోవచ్చును.

పంతులు గారికి అట్లు లేచిపోవుటకు వీలు లేకపోయెను. వితంతు వివాహమునకు 1856లోనే చట్టము అనుమతినిచ్చెను. రాజమహేంద్రవరములో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహము 1881 డిసెంబరు 11న జరిగెను. నడుమ ఇరువదియైదేండ్లు! చట్టము అనుమతి నిచ్చును గాని, పందిటిలో వచ్చి కూర్చుండదు. వెలికి భయపడి పనివారు రాకపోగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తామే నీళ్లు మోసి వంట చేసిరి. ఆ బిందె బరువే నిజమైన సంస్కారము.

"మనకీ చిక్కు లేదు, విధవరాలు ప్రభువునందు వివాహమాడవచ్చునని పౌలు చెప్పెను గదా" అందువేమో. వినుము. ఇచ్చట కొత్తగూడలో మా సంఘమున ఒక సహోదరి ఉన్నది. భర్త పోయి నాలుగేండ్లాయెను. కంప్యూటరు కంపెనీలో పని చేసి బిడ్డను పెంచుకొనుచున్నది. భక్తిగల యొకరు ఆమెను వివాహమాడ గోరిరి. సంఘ పెద్దలలో ఇద్దరు, "బిడ్డ పెద్దవాడయ్యేవరకు ఆగరాదా అమ్మా?" అనిరి. నేనేమంటిని? "ప్రార్థన చేద్దామమ్మా" అంటిని. అది ప్రార్థన కాదు, పిరికితనము. పెద్దలు నొచ్చుకొందురని వెరచి, దేవుని పేరు చాటున దాగుకొంటిని. ఆమె తల వంచుకొని వెళ్లిపోయెను. పిమ్మట ఆమె యింటికి పోయి క్షమాపణ వేడుకొంటిని.

రూతు కథను జ్ఞాపకము చేసికొనుము. ఆమె విధవరాలు, పరదేశి. బోయజు ఆమెను పెండ్లాడినప్పుడు బేత్లెహేము పెద్దలు గవినియొద్ద కూర్చుండి సాక్షులైరి, దీవించిరి. ఆమె వంశమున దావీదు పుట్టెను.

ఈ నెలలో మా సహోదరి వివాహ ప్రకటన గుడిలో చదువబడును. అభ్యంతరమున్నవారు చెప్పవలెనని అడుగుదుము. అభ్యంతరము లేదని ఊరకుండుట చాలదు. నీ సంఘమున ఇట్టి పెండ్లి జరిగినయెడల, చదువరీ, నీవు వెళ్లుదువా? నీ భార్యను, కుమార్తెలను వెంటబెట్టుకొని ముందు వరుసలో కూర్చుందువా?

ప్రభువు మనకు కన్నీటితోపాటు బిందె మోయు భుజమును కూడ దయచేయును గాక.