వాన అందరిదీ



హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ఎగువన ఎవరేమి కలిపినా ఆ నీరు చివరికి చేరేది అక్కడికే. దివిసీమవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఆకాశంలో కూడా అటువంటి ప్రవాహం ఒకటి ఉందని మాత్రం మనం తలచం.

బొగ్గు, చమురు కాల్చినప్పుడు గంధకం, నత్రజని వాయువులు పైకి పోతాయి. మేఘాలలోని తేమతో కలిసి ఆమ్లాలుగా మారి, గాలి తీసుకుపోయిన చోట వానగా పడతాయి. రొయ్యల చెరువులు చేసేవారికి పీహెచ్ అంటే తెలుసు. స్వచ్ఛమైన వానకు అది సుమారు 5.6. అంతకంటె తగ్గితే ఆమ్లవర్షం. బ్రిటన్, జర్మనీల పొగ నార్వే, స్వీడన్ సరస్సులమీద పడింది. అక్కడి మట్టిలోని సున్నం కరిగిపోయింది. అల్యూమినియం నీటిలోకి దిగి చేపల మొప్పలను పాడుచేసింది. బొగ్గు కాల్చినవాడు ఆ చేపలను కంటితో చూసి ఎరుగడు.

మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మన బొగ్గులో గంధకం తక్కువ. మన గాలిలో లేచే దుమ్ము కూడా ఆమ్లాన్ని కొంత విరిచేస్తుంది. అయినా 1987 నుంచి 2021 వరకు వాతావరణ శాఖ సేకరించిన వాననీటి లెక్కలలో, మన కోస్తాలోని విశాఖపట్నంలోనే ఆమ్లత పెరుగుతున్నట్లు తేలింది. మన జిల్లాలకు ఎగువన, ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి బొగ్గుతో కరెంటు తయారవుతున్నది. మన దేవాలయాలలో ఫ్యాన్లు, మైకులు తిరిగేది, మోగేది అటువంటి కరెంటుతోనే. నేను ప్రసంగించేదీ ఆ మైకులోనే! బొగ్గు కేంద్రాలు గంధక వాయువును రెండేళ్లలో అదుపు చేయాలని 2015లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. గడువు పలుమార్లు పొడిగించి, 2025లో చాలా కేంద్రాలకు మినహాయింపే ఇచ్చింది. ఇది నాకు మింగుడుపడటం లేదు.

మంచివారని, చెడ్డవారని చూడక అందరి పొలాలమీదా వాన కురిపించే తండ్రిని గూర్చి ప్రభువు కొండమీద బోధించారు. ఆ వరాన్ని పాడుచేసి పొరుగువాని పొలంమీదికి పంపడం ఏ ఆజ్ఞను మీరడం? పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధనలో దొంగిలించామా, అబద్ధమాడామా అని అడుగుకుంటాం. పొగ సంగతి అడుగుకోం. క్షమాపణ దొరికిన తర్వాత కూడా పరిహారం మిగిలి ఉంటుందని చిన్ననాడు జ్ఞానోపదేశంలో నేర్చుకున్నాం కదా! ఐరోపాలో 1980ల తర్వాత గంధకపు పొగ బాగా తగ్గించారు. కరిగిపోయిన సున్నం మాత్రం వెంటనే తిరిగి రాలేదు. మన రైతులు చెరువులో సున్నం చల్లినట్లే, నార్వేవారు నదులలో ఏటా సున్నం కలుపుతున్నారు. కొన్ని నదులలోకి సాల్మన్ చేపలు తిరిగి వచ్చాయి. సున్నం కలపడం ఇంకా ఆపలేదు.