మానోహ అడిగిన మాట

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల మన తల్లులు అనేకులు చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, చంటిబిడ్డను పండుకోబెట్టి కూలిపని చేయుదురు. బిడ్డ ఏడ్వకుండుటకై పూర్వము మన దేశమున పలుచోట్ల నల్లమందు నాకించెడివారు. నేడు అది నేరము. 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము, వైద్యుని ఆజ్ఞ లేక బిడ్డకు సారాయిగాని మత్తుమందుగాని ఇచ్చినవారికి 7 ఏండ్ల వరకు కఠిన ఖైదు, లక్ష రూపాయల వరకు జుల్మానా.

అయితే తల్లియే మత్తు సేవించి పాలిచ్చినయెడల? ఆ సెక్షను చనుబాల మాట ఎత్తదు. మత్తు మాత్రము పాలలో దిగును. ఆమె తప్పు లేదని నేననను. కాని ఖైదుకు జడిసిన తల్లి డాక్టరుకు నిజము చెప్పదు, నష్టము బిడ్డదే. 1985 నాటి మత్తుమందుల చట్టమునకు తరువాత చేర్చిన 64ఎ సెక్షను, స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరులు తామై చికిత్సకు వచ్చినయెడల శిక్ష తప్పించుచున్నది. చట్టమే ఇంత ఓర్చుకొనగా సంఘమునకు తొందర ఏల?

న్యాయాధిపతులు 13వ అధ్యాయము చూడుడి. మద్యము త్రాగవద్దని దూత తల్లికి చెప్పెను. బిడ్డకు మేమేమి చేయవలెనని ప్రార్థించి అడిగినవాడు తండ్రియైన మానోహ. మన ఇండ్లలోనికి సీసా తెచ్చువాడెవడు? తల్లిని బల్లకు దూరము చేయుదుము. తెచ్చినవాడు ఆ ఆదివారమే కానుకపళ్లెము పట్టుకొని వరుసల మధ్య నడచును.