ఒకే పుస్తకాలు, వేరు వరస

యూదుల తనఖ్‌లో 24 గ్రంథాలు, ప్రొటెస్టెంట్ల పాత నిబంధనలో 39. తేడా లెక్కలోనే ఉంది: యూదులు పన్నెండుమంది చిన్న ప్రవక్తలను కలిపి ఒక్కటిగా, సమూయేలు, రాజులు, దినవృత్తాంతాలను ఒక్కొక్కటిగా, ఎజ్రా నెహెమ్యాలను కలిపి ఒకటిగా ఎంచుతారు. అంచేత ఈ భాగం రెండు మతాలకూ ఉమ్మడి అంటుంటారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. పుస్తకాలు ఉమ్మడివే గాని వాటి వరస వేరు, కథ ఎటు పోతోందో చెప్పేది ఆ వరసే.

తనఖ్ ముందు ధర్మశాస్త్రం, తర్వాత ప్రవక్తలు, చివర ఇతర రచనలుగా సాగి దినవృత్తాంతాలతో ముగుస్తుంది. పారసీక రాజు కోరెషు ఇక యెరూషలేముకు వెళ్లవచ్చునని చెరలో ఉన్న యూదులకు సెలవిస్తాడు, అంతటితో సరి. విచిత్రమేమిటంటే అదే ఆజ్ఞతో మొదలై తర్వాతి సంగతులు చెప్పే ఎజ్రా గ్రంథం దీనికి ముందే వచ్చేస్తుంది. కాలక్రమాన్ని పక్కనబెట్టి మరీ ఇల్లు చేరమన్న పిలుపును చివరికి ఉంచినట్టు కనిపిస్తుంది. క్రైస్తవ బైబిలులో చరిత్ర గ్రంథాలు కాలక్రమంలో ముందుకు జరిగాయి, ప్రవక్తలు వెనక్కి వెళ్లారు, యూదులు ఇతర రచనల్లో చేర్చిన దానియేలు కూడా వారిలో కలిశాడు. ఆఖరున మలాకీ, ఏలీయా వస్తాడన్న వాగ్దానం. పేజీ తిప్పితే మత్తయి సువార్త. బాప్తిస్మమిచ్చు యోహానే ఆ ఏలీయా అని అందులో యేసే అంటాడు.

ఇందులో ఎవరి ఉద్దేశమూ లేదని ఆక్షేపించవచ్చు. గ్రంథాలు విడివిడి చుట్టలుగా ఉన్న రోజుల్లో ఏది ముందు, ఏది వెనక అన్న ప్రశ్నే పెద్దగా రాదు. 1008 నాటి లెనిన్‌గ్రాడ్ హీబ్రూ ప్రతిలో దినవృత్తాంతాలు ఇతర రచనల మొదట్లో ఉన్నాయి. నాలుగో శతాబ్దపు వాటికన్ గ్రీకు ప్రతిలో పాత నిబంధన దానియేలుతో ముగుస్తుంది. ఉద్దేశాన్ని నిరూపించలేమని ఒప్పుకోవాల్సిందే. అయితే దినవృత్తాంతాలను చివర పెట్టే వరస యూదుల ప్రాచీన గ్రంథం తల్మూదులోనే ఉంది. అచ్చు యంత్రం తెచ్చిన మార్పు కాదది. పైగా ఎవరు పేర్చినా, ఎందుకు పేర్చినా, చదివేవారి మీద పడే ప్రభావం పడక మానదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటి. యూదుల సమాజమందిరంలో ఏడాది పొడవునా వరసగా చదివేది తోరా, అంటే ధర్మశాస్త్రం, ఒక్కటే. మోషే వాగ్దత్త దేశంలో అడుగుపెట్టకుండానే చనిపోయిన ఘట్టం పూర్తికాగానే, అదే రోజున ఆదికాండం మళ్లీ మొదలవుతుంది. మరి చివరి గ్రంథం ఏదైతేనేం? నిజమే, కాని ఈ ఆక్షేపణ నా వాదానికే బలమిస్తుంది. క్రైస్తవులు ఈ గ్రంథాలను రాబోయేదానికి పూర్వభాగంగా చదువుతారు. సమాజమందిరంలో కూర్చున్నవారికి ఇవి మరో గ్రంథం కోసం ఎదురుచూసే మొదటి సంపుటి కావు.